అప్యర్థకం లేని ఉత్తరం

చిక్కడపల్లి నగర కేంద్ర గ్రంథాలయం దగ్గర ఒక చాయ్ కొట్టులో, ఆదివారం పొద్దున మొదలైన మాటలివి. మాట్లాడింది నేనూ, మా పిన్ని కొడుకూ. వాడు అశోక్‌నగర్ హాస్టల్‌లో ఉంటూ మూడేళ్లుగా గ్రూప్స్‌కి చదువుతున్నాడు. పదో తరగతిలో ఉండగా రోడ్డు ప్రమాదంలో కుడికాలు మోకాలి కింద తీసేశారు. కృత్రిమ కాలితో నడుస్తాడు. డిగ్రీ రోజుల్లో జిల్లా స్థాయి పారా పోటీల్లో షాట్‌పుట్ వేసేవాడు. నేను నారాయణగూడలో ఒక బడిలో తెలుగు చెప్తాను. డిసెంబరు 3 అంతర్జాతీయ దివ్యాంగుల దినం. ఆ రోజుకు అందేలా మా తొమ్మిదో తరగతిలోని 42 మంది పిల్లలూ పారా క్రీడాకారులకు ఉత్తరాలు రాశారు. పోస్టులో వేసేముందు వాడికి చూపిస్తే సంతోషిస్తాడనుకుని కట్ట తీసుకెళ్లాను. వాడు పది ఉత్తరాలు చదివి, కట్టను బల్ల మీద పెట్టేశాడు. ఇద్దరి మాటలూ జరిగినవి జరిగినట్టే రాస్తున్నాను, నేను ఓడిన చోట్లు కూడా.

తమ్ముడు: ఇవి పంపకక్కా.

నేను: పదే చదివావు. ఇంకా ముప్పై రెండు ఉన్నాయి.

తమ్ముడు: పదీ ఒకటే ఉత్తరం. పేర్లు మారాయి, అంతే. ఇది దీప్తి జీవాంజికి: ‘మీకు మేధోవైకల్యం ఉన్నా పతకం తెచ్చారు.’ ఇది అజయ్‌కుమార్ రెడ్డికి: ‘మీకు చూపు లేకపోయినా క్రికెట్ ఆడుతున్నారు.’ ఇది రొంగలి రవికి: ‘మీరు పొట్టిగా ఉన్నా షాట్‌పుట్ వేస్తున్నారు.’ వ్యాకరణం చెప్పేదానివి నువ్వు. ఈ ‘ఉన్నా’, ‘పోయినా’లను ఏమంటారు?

నేను: అప్యర్థకం.

తమ్ముడు: దాని పనేమిటి?

నేను: జరగదనుకున్నది జరిగిందని చెప్పడం. ‘వాన కురిసినా చెరువు నిండలేదు’ అంటాం. వాన కురిస్తే చెరువు నిండాలి, కానీ నిండలేదు. ముందు మాట చూసి మనం అనుకున్న ఫలితం, తరవాతి మాటలో తలకిందులవుతుంది.

తమ్ముడు: అదే నేనడిగేది. చూపు లేకపోతే క్రికెట్ ఆడరని ముందే అనుకుని ఉంటేనే ఆ వాక్యం పుడుతుంది. నీ పిల్లలు పొగుడుతున్నామనుకుని, ‘నీ వల్ల కాదనుకున్నాం’ అని రాశారు. ఆ మాట మర్యాదగా రాసినంత మాత్రాన మర్యాద అయిపోదు. ఆ ఉత్తరం అందుకున్న మనిషికి మొదట తగిలేది ఆ ‘అయినా’నే. నాకు తెలుసక్కా. పదేళ్లుగా తగులుతూనే ఉంది. మెట్రోలో అడిగేవాళ్లు, పెళ్లిళ్లలో భుజం తట్టేవాళ్లు, స్టడీ హాల్లో పక్క కుర్చీ వాడు, ‘ఇలా ఉన్నా ఎంత కష్టపడుతున్నావురా’ అనేవాళ్లే అందరూ. మాకు హాస్టల్లో నీళ్లు రాని రోజు ఆ ఇబ్బంది అందరిదీ ఒకటే. దానికి మాత్రం నన్నెవరూ మెచ్చుకోరు.

నేను: పిల్లలకు పద్నాలుగేళ్లు. వాళ్లు ఎక్కడ మొదలుపెట్టారో కూడా చూడు. ఈ ఉత్తరాలు డిసెంబరు 3 కోసం పుట్టలేదు. జూన్‌లో మా క్లాసులో ఒక పిల్లవాణ్ణి ఇంకొకడు ‘కోతి’ అని పిలిచాడు. అందరూ నవ్వారు. నేను తిట్టలేదు. వరంగల్ జిల్లా పర్వతగిరి మండలంలోని కల్లెడ ఊరి సంగతి చెప్పాను. అక్కడ కూలి పనులు చేసుకునే ఇంట్లో 2003లో పుట్టిన ఒక అమ్మాయిని ఊళ్లోవాళ్లు పిచ్చిది, కోతి అని వెక్కిరించారు. అనాథాశ్రమానికి పంపేయమని చుట్టాలే సలహా ఇచ్చారు. వాళ్లమ్మే పత్రికలవాళ్లకు ఈ సంగతి చెప్పుకుంది. ఆ అమ్మాయే దీప్తి. 2024 మేలో జపాన్‌లోని కోబేలో 400 మీటర్లు 55.07 సెకన్లలో పరుగెత్తి ప్రపంచ రికార్డు పెట్టింది. సెప్టెంబరు 3న పారిస్ పారాలింపిక్స్‌లో కాంస్యం తెచ్చింది. ఇది చెప్పాక క్లాసులో ఎవరూ మాట్లాడలేదు. కాసేపటికి వెనక బెంచీ అమ్మాయి లేచి, ‘టీచర్, ఆమెకు మనం సారీ చెప్పొచ్చా?’ అంది. ఉత్తరాలు అక్కడ పుట్టాయిరా.

తమ్ముడు: ఆ అమ్మాయి అడిగింది మంచి ప్రశ్న. కానీ ఈ కట్టలో ‘సారీ’ ఎక్కడుంది? ‘మీరు మాకు స్ఫూర్తి’ అని ఉంది. వెక్కిరింపు నుంచి నేరుగా దండం పెట్టడానికి దూకేశారు. మధ్యలో మనిషి ఉండాల్సిన చోటు ఖాళీగానే ఉండిపోయింది. ఆస్ట్రేలియాలో స్టెల్లా యంగ్ అని పాత్రికేయురాలు ఉండేది. చక్రాల కుర్చీలో తిరిగేది. పదిహేనేళ్ల వయసులో ఆమె పేరును ఊళ్లో ఒకరు ఏదో ప్రతిభా పురస్కారానికి పంపుతామన్నారట. నిజానికి ఆమె ఏ ఘనకార్యమూ చేయలేదు. అందరి పిల్లల్లాగే బడికెళ్లింది, టీవీ చూసింది. బతుకుతున్నందుకే పతకం ఇస్తామంటే, బతకడమే మన వల్ల కాదనుకున్నట్టే కదా. 2014లో ఒక ప్రసంగంలో ఆమె ఈ సంగతి చెప్పి, మిగతావాళ్ల ఉత్సాహం కోసం మమ్మల్ని సరుకుగా వాడుకోవద్దంది. నీ పిల్లలు దీప్తి గురించి రాయలేదక్కా. దీప్తిని చూస్తే తమకేమనిపించిందో రాశారు.

నేను: అది ఒప్పుకుంటాను. కానీ వెక్కిరించింది మాటతోనే కదా? మన భాషనే చూడు. పసిబిడ్డకు పెదవి చీలి ఉంటే ‘గ్రహణమొర్రి’ అంటాం. గర్భంలో తొలి వారాల్లో పెదవి భాగాలు సరిగ్గా కలవకపోవడం వల్ల వచ్చేదానికి గ్రహణమే కారణమని ఆ పేరులోనే తీర్పు చెప్పేశాం. తల్లి ఇంట్లోంచి ఎందుకు బయటికొచ్చిందని నింద కూడా అందులోనే ఉంది. దీప్తి గ్రహణం వేళ పుట్టిందని కూడా ఊళ్లో అనుకున్నారట. మాట చేసిన గాయాన్ని మాటతోనే మాన్పాలి. అందుకే పిల్లల చేత రాయిస్తున్నాను. చట్టం చదివితే పిల్లలకు నియమం తెలుస్తుంది, ఎదుటి మనిషిని ఎలా పలకరించాలో తెలియదు.

తమ్ముడు: చట్టం ఊసు నువ్వే తెచ్చావు కాబట్టి అడుగుతాను. 2016 దివ్యాంగుల హక్కుల చట్టం నాకు నోటికొచ్చు. పరీక్షలో అడుగుతారు. 1995 చట్టంలో ఏడు రకాల వైకల్యాలుంటే ఇందులో ఇరవై ఒకటి చేశారు. సెక్షన్ 16 బడుల గురించి. వైకల్యమున్న పిల్లల్ని చేర్చుకోవడమే కాదు, ఆటల్లో మిగతా పిల్లలతో సమానంగా అవకాశం ఇవ్వాలంటుంది. సెక్షన్ 30 పూర్తిగా క్రీడల గురించే. మీ బడిలో గేమ్స్ పీరియడ్‌లో ఏం జరుగుతుందో చెప్పు.

నేను: ఏం జరుగుతుంది? ఆడతారు.

తమ్ముడు: అందరూనా?

ఇక్కడ నేను కాసేపు మాట్లాడలేదు. మా తొమ్మిదో తరగతిలో నడక తేడాగా ఉండే పిల్లవాడు ఒకడున్నాడు. గేమ్స్ పీరియడ్ రాగానే వాడు వరండాలో కూర్చుంటాడు. మిగతావాళ్లు వాచీలు, కళ్లద్దాలు, నీళ్ల సీసాలు వాడికిచ్చి గ్రౌండులోకి పరుగెడతారు. వరండాకూ గ్రౌండుకూ మధ్య నాలుగు మెట్లు. రెండేళ్లుగా ఆ మెట్లు నేను చూస్తున్నాను. వాణ్ణి నమ్మకస్తుడని మెచ్చుకుంటున్నాను కూడా. ఇదే చెప్పాను.

తమ్ముడు: చూశావా. ఆ నాలుగు మెట్లకు ఒక వాలుదారి కట్టించమని నలభై రెండు మంది కలిసి మేనేజ్‌మెంటుకు రాస్తే అది ఉత్తరం. దీప్తికి సలాములు రాయడం దానికంటే తేలిక. ఎందుకంటే దీప్తి మిమ్మల్ని ఏమీ అడగదు.

నేను: అది వినతిపత్రం రా, ఉత్తరం కాదు. రెండూ కావాలి. వినతిపత్రం ఇవ్వాలంటే ముందు ఎవరికో ఆ మెట్లు కనబడాలి. నాకే కనబడలేదు. ఆ పిల్లలకు దీప్తి కథ తెలియకపోతే ఆ మెట్లు ఎప్పటికీ మెట్లుగానే ఉంటాయి, అడ్డుగా కనబడవు. నాగానోలో 1998 శీతాకాల ఒలింపిక్స్ జరిగినప్పుడు ఒక్కో బడి ఒక్కో దేశాన్ని తన దేశంగా తీసుకుంది. ఆ దేశం గురించి చదివారు, ఆ క్రీడాకారుల్ని పలకరించారు. ఆ పద్ధతి తరవాత వేరే ఒలింపిక్స్‌లకూ పాకింది. దూరపు మనిషిని పేరుతో పిలవడం నేర్చుకున్న పిల్లలకు దగ్గరి మనిషి కనబడతాడని నా నమ్మకం.

తమ్ముడు: నీ నమ్మకాన్ని కాదనను. కానీ ఇంకో లెక్క అడుగుతాను. ఈ నలభై రెండులో పతకాలు వచ్చినవాళ్లకు ఎన్ని?

నేను లెక్కపెట్టాను. ముప్పై తొమ్మిది.

తమ్ముడు: పతకం వచ్చాక రాసేది అభినందన. మద్దతు అంటే పతకం రాకముందు ఇచ్చేది. దీప్తి సంగతే తీసుకో. ఊరి బడిలో ఆటల సారు ఆమె పరుగు గమనించాడు. కోచ్ నాగపురి రమేష్ సార్ చూసి హైదరాబాద్ తీసుకురమ్మన్నాడు. పంపడానికి ఇంట్లో బస్సు చార్జీలకే కష్టమైంది. మొదట ఆమె మామూలు పోటీల్లోనే పరుగెత్తింది. సికింద్రాబాద్‌లోని ఒక జాతీయ సంస్థలో మేధోవైకల్య పరీక్షలు చేయించాకే పారా పోటీలకు దారి దొరికింది. ఆ దారిలో ఉన్నవాళ్లంతా చేతితో చేసినవాళ్లు. ఒకరు టికెట్ కొన్నారు, ఒకరు స్టాప్‌వాచ్ పట్టుకున్నారు. 2024 సెప్టెంబరులో తెలంగాణ ప్రభుత్వం కోటి రూపాయలు, వరంగల్‌లో 500 గజాల స్థలం, గ్రూప్-2 ఉద్యోగం ప్రకటించింది. మంచిదే. ఆమె దానికి పూర్తిగా తగినది. కానీ అవన్నీ పారిస్ తరవాతి మాటలు. పారిస్‌కు ముందు ఆమెకు ఏ బడి నుంచైనా ఉత్తరం వెళ్లిందా?

నేను: ఆ కోబే రికార్డు రోజున మనలో చాలామందికి ఆమె పేరే తెలియదు.

తమ్ముడు: అందుకే రొంగలి రవి పేరు ఈ కట్టలో చూసి ఆశ్చర్యపోయాను. అనకాపల్లి జిల్లా మనిషి. 2023లో హాంగ్‌ఝౌ ఆసియా పారా క్రీడల్లో వెండి తెచ్చాడు. పారిస్‌లో ఐదో స్థానం. ఐదో స్థానమంటే మన పేపర్లో రెండు లైన్లు. కానీ ఆ రోజు ఆయన వేసిన దూరం ఆయన జీవితంలోనే అత్యుత్తమం. తన అత్యుత్తమం చేసి ఐదోవాడిగా వచ్చిన మనిషికి ఉత్తరం కావాలక్కా. నంద్యాల నుంచి పారిస్ వెళ్లినవాళ్లు ఇద్దరున్నారు. షేక్ అర్షద్ సైకిల్ మీద, కొంగనపల్లె నారాయణ పడవ మీద. నారాయణ సైనికుడు. మందుపాతర పేలి కాలు పోయింది. ఇద్దరూ పతకం లేకుండా తిరిగొచ్చారు. వాళ్లకు ఒక్క ఉత్తరమైనా ఉందా ఇందులో?

నేను: లేదు. నాకు ఆ పేర్లు తెలియక పిల్లలకు ఇవ్వలేదు. అది నా తప్పు. రాసుకుంటున్నాను.

తమ్ముడు: ఇంకొకటి కూడా రాసుకో. ఈ ఉత్తరాలు చదివేదెవరు? అజయ్‌కుమార్ రెడ్డికి నాలుగు పేజీల చేతిరాత పంపుతున్నారు. అంధుల క్రికెట్‌లో దేశానికి కెప్టెన్‌గా ఆడినవాడు, అర్జున అవార్డు గ్రహీత. ఆ కాగితం ఆయనకు ఇంకెవరో చదివి పెట్టాల్సి రావచ్చు. తనకొచ్చిన ఉత్తరాన్ని తాను మొదట చదవలేకపోతే ఆ ఉత్తరం ఆయనకొచ్చినట్టా, చదివినవాళ్లకొచ్చినట్టా?

నేను: దీనికి నా దగ్గర జవాబుంది. తెలుగుకు బ్రెయిలీ ఉంది. భారతీయ భాషలన్నిటికీ కలిపి 1951లో భారతి బ్రెయిలీ ఖాయం చేశారు. మన ‘క’, హిందీ ‘క’ ఒకే చుక్కల్లో ఉంటాయి. బ్రెయిలీ కట్టలను మన తపాలా శాఖ ఏడు కిలోల వరకూ స్టాంపు లేకుండానే మోస్తుంది. ఇది మా పిల్లలకు చెప్తే, ‘అయితే మనమెందుకు నేర్చుకోకూడదు?’ అన్నారు. బేగంపేటలో దేవనార్ అంధుల పాఠశాల ఉంది. అక్కడికి తీసుకెళ్లి, మా పిల్లలు రాసింది ఆ పిల్లల చేత దిద్దించాలని నా ఆలోచన. ఆరు చుక్కలు తప్పుల్లేకుండా పొడవడం మా పిల్లలు వాళ్ల దగ్గర నేర్చుకోవాలి.

తమ్ముడు: అది బాగుంది. తప్పులు దిద్దేది వాళ్లైతే ఇంకా బాగుంది. మరి దీప్తి ఉత్తరం? ‘మీ అకుంఠిత దీక్షా పట్టుదలలు భావితరాలకు దిక్సూచి’ అని రాశాడొకడు. దీప్తి పరుగెత్తేది టీ20 తరగతిలో. ‘టీ’ అంటే ట్రాక్. ఇరవై అంటే మేధోవైకల్యం. ఆమెకు రాసే వాక్యం పొట్టిగా, తేటగా ఉండాలి. ఒక వాక్యంలో ఒకే సంగతి. అది ఆమె మీద జాలి చూపడం కాదు, ఆమెతో మాట్లాడటం.

నేను: నిజమే. నేను ఆ వాక్యానికి పక్కన ‘చాలా బాగుంది’ అని రాశాను. సంగతి చెప్పకుండా మెరిసే వాక్యానికి మార్కులు వేసే అలవాటు మాకు పోలేదు.

తమ్ముడు: ఆ టీ20 తరగతికో కథ ఉంది, పిల్లలకు చెప్పు. 2000లో సిడ్నీ పారాలింపిక్స్‌లో మేధోవైకల్యం ఉన్నవాళ్ల బాస్కెట్‌బాల్ స్వర్ణం స్పెయిన్ గెలిచింది. తరవాత తేలిందేమిటంటే ఆ జట్టులో ఎక్కువమందికి ఏ వైకల్యమూ లేదు. పతకం వెనక్కి తీసుకున్నారు. కానీ శిక్ష పడింది ఆ జట్టుకే కాదు. ప్రపంచంలో మేధోవైకల్యం ఉన్న క్రీడాకారులందరినీ పారాలింపిక్స్ నుంచి పక్కన పెట్టేశారు. మళ్లీ అడుగుపెట్టనిచ్చింది 2012 లండన్‌లో. పన్నెండేళ్లు. పరుగు జీవితంలో పన్నెండేళ్లంటే మొత్తం జీవితమే. ఎవరో చేసిన మోసానికి, ఏ తప్పూ చేయనివాళ్లు వయసు పోగొట్టుకున్నారు. ఆ తలుపు తెరవకపోతే కల్లెడ అమ్మాయి పారిస్‌లో నిలబడే చోటే ఉండేది కాదు. నీ పిల్లలు ఆమె కన్నీళ్ల గురించి రాశారు. ఈ తలుపు గురించి ఒక్కరూ రాయలేదు.

నేను: ఎందుకు రాస్తార్రా? నేను చెప్పలేదు కదా. నువ్విప్పుడు చెప్తున్నదంతా నా పాఠం తప్పంటోంది కానీ, ఉత్తరం తప్పనడం లేదు. ఆట తెలిసిన పిల్లవాడు రాస్తే ఉత్తరం మారుతుంది. 2025 నవంబరు 23న కొలంబోలో మన అంధ మహిళల జట్టు నేపాల్‌ను ఏడు వికెట్లతో ఓడించి తొలి టీ20 ప్రపంచకప్ గెలిచింది. అందులో మన తెలుగు నేల అమ్మాయిలున్నారు. ఆ ఆట ఎలా ఆడతారో క్లాసులో చెప్పాను. బంతిలో చిన్న గుండ్లుంటాయి, దొర్లితే గలగలమంటుంది. బౌలరు ‘రెడీనా’ అని అడిగి, బ్యాటరు ‘ఎస్’ అన్నాకే ‘ప్లే’ అని చెయ్యి పైకెత్తకుండా కింది నుంచి బంతి వేస్తుంది. జట్టులో కనీసం నలుగురు బొత్తిగా చూపు లేనివాళ్లుండాలి, వాళ్లు కొట్టిన పరుగు రెండుగా లెక్క. ఇవి చెప్పాక పిల్లలు స్ఫూర్తి ఊసెత్తలేదు. ‘ప్రేక్షకులు అరుస్తుంటే బంతి చప్పుడు ఎలా వినబడుతుంది టీచర్?’ అని అడిగారు.

తమ్ముడు: అదీ ప్రశ్నంటే! అది రాశారా?

నేను: లేదు. ఉత్తరం అనగానే వాళ్లు పరీక్ష పేపరు రాసినట్టు రాశారు.

వాడు మళ్లీ కట్ట అందుకున్నాడు. ఈసారి పక్కన పెట్టలేదు. జేబులోంచి ఎర్ర పెన్ను తీసి ఒక్కో ‘అయినా’ కింద గీత గీస్తూ పోయాడు. నేను ఇంకో రెండు చాయ్‌లు చెప్పాను. ముప్పై దాటాక ఒక ఉత్తరం దగ్గర ఆగాడు. సగం పేజీ కూడా లేదది. పైకి చదివాడు. ‘దీప్తి అక్కా, మేలో మీరు 55.07లో పరుగెత్తారు. సెప్టెంబరులో 55.82 పట్టింది. పారిస్‌లో మొదటి ఆమె టైమ్ 55.16. అంటే మేలో పరుగెత్తినట్టే పరుగెత్తితే మీరే గెలిచేవారు. ఆ ముక్కాలు సెకను ఎక్కడ పోయింది? చివరి వంద మీటర్లలో కాళ్లు బరువెక్కితే మీరేం చేస్తారు? నాకు వరండా నుంచి గేటు దాకా నడిస్తేనే బరువెక్కుతాయి.’

తమ్ముడు: ఇది ఎవరు రాశారు?

నేను: వాచీలు పట్టుకుని కూర్చునే పిల్లవాడు.

తమ్ముడు: దీనికి నువ్వు పదికి ఐదు వేశావు.

నేను: పద్ధతి ప్రకారం పలకరింపు లేదని, ముగింపు లేదని వేశాను.

తమ్ముడు: అక్కా, నలభై రెండు మందిలో ఆమెను రన్నర్‌గా చూసింది వీడొక్కడే. ఓడిపోయిన ముక్కాలు సెకను గురించి అడగాలంటే ఎదుటివాళ్లు గెలవగలరని నమ్మాలి. జాలి ఉన్నవాడు ఆ ప్రశ్న అడగడు, నొచ్చుకుంటారేమోనని దాటేస్తాడు. ఇందులో ఒక్క అప్యర్థకం లేదు చూడు. ‘పరుగెత్తితే’, ‘బరువెక్కితే’, ‘నడిస్తే’. వీటినేమంటారు?

నేను: చేదర్థకం. ఒకటి జరిగితే దాని వల్ల ఇంకొకటి జరుగుతుందని చెప్పేది.

వాడు చాలాసేపు ఆ కాగితం వంకే చూశాడు. తరవాత చెప్పిన సంగతి మా ఇంట్లో ఎవరికీ తెలియదు.

తమ్ముడు: ఆస్పత్రిలో ఉన్నప్పుడు మా క్లాసు నుంచి నాకూ ఒక కట్ట వచ్చింది. అందరూ ‘త్వరగా కోలుకో’ అని రాశారు. పోయిన కాలు కోలుకోదు కదా. అమ్మ వాటిని దాచింది, నేను మళ్లీ చూడలేదు. ఒక్కటి మాత్రం నా పుస్తకంలో ఉంది. మా బెంచీ వాడు రాసింది. ‘ఒరేయ్, క్యారమ్స్ ఫైనల్ పదిహేనో తారీఖు. నువ్వు వస్తే గెలుస్తాం. రాకపోతే ఎనిమిదో క్లాసువాళ్ల చేతిలో ఓడిపోతాం. ఏ సంగతీ చెప్పు.’ అంతే. నా కాలు ఊసే లేదు. నేను వెళ్లలేదు, వాళ్లు ఓడిపోయారు. కానీ నేను లేకపోతే ఓడిపోయే చోటు ఒకటి ఉందని తెలిసింది. ఆ ఉత్తరం ఇప్పటికీ నా పాలిటీ నోట్సులో ఉంది. ఇప్పుడే తడుతోంది. అది మొత్తం చేదర్థకమే.

నేను: మరి ఉత్తరాలు పంపొద్దని పొద్దున ఎలా అన్నావురా?

తమ్ముడు: ఒక్క ఉత్తరం కోసం యాభై భరించాను కాబట్టి. ఆ యాభైని ఇంకొకరి మీదికి పంపడం ఇష్టం లేక.

నేను: ఆ ఒక్కటి రాకపోయి ఉంటే?

వాడు జవాబు చెప్పలేదు. లేచి, కృత్రిమ కాలి పట్టీ సరిచేసుకున్నాడు. ఇద్దరం త్యాగరాయ గానసభ మీదుగా చిక్కడపల్లి మెట్రో వైపు నడిచాం. స్టేషన్‌లో లిఫ్ట్ ఉంది, ప్లాట్‌ఫాం దాకా తేలికే. లిఫ్ట్ దాకా చేరడమే కష్టం. ఫుట్‌పాత్ మీద బళ్లు, పలకలు లేచిన చోట గుంతలు. ప్రతి పది అడుగులకూ వాడు రోడ్డు మీదికి దిగాల్సి వచ్చింది. ఆ దారిలో నేను వందలసార్లు నడిచాను. వాడి పక్కన, వాడి వేగంతో నడవడం మాత్రం అదే మొదటిసారి. నడుస్తూనే ఒక ఒప్పందానికి వచ్చాం.

నేను: డిసెంబరు 3కి పంపను. పిల్లల చేత మళ్లీ రాయిస్తాను. ముందు ఆట నేర్చుకోవాలి. తరవాతే ఉత్తరం.

తమ్ముడు: సగం ఉత్తరాలు పతకం రానివాళ్లకు, ఇంకా పేరు రానివాళ్లకు. ప్రతి ఉత్తరంలో ఆ ఆటగాడు మాత్రమే చెప్పగల ప్రశ్న ఒకటి ఉండాలి. ఎవరు ఎలా చదువుకోగలరో అలా ఉండాలి ఉత్తరం.

నేను: ప్రతి ఉత్తరం చివర, మన గ్రౌండులో ఈ నెల ఏం చేశామో ఒక్క వాక్యం. ఏమీ చేయకపోతే ఏమీ చేయలేదనే రాయాలి. మేనేజ్‌మెంటుకు వినతిపత్రం ఈ వారమే వెళ్తుంది. మెట్ల కొలతలు పిల్లలే తీస్తారు. ఆ పిల్లవాడు స్టాప్‌వాచ్ పట్టుకుంటాడు.

తమ్ముడు: వద్దు. మళ్లీ వాడి చేతికి వాచీయే ఇస్తున్నావు.

నాకు గుండెలో కలుక్కుమంది. వాడన్నది నిజం. రెండేళ్లుగా ఆ పిల్లవాడి చేతిలో ఉన్నవి ఇతరుల వాచీలే.

నేను: మరేం ఇవ్వాలి?

తమ్ముడు: వాణ్ణే అడుగు. షాట్‌పుట్ కావాలంటే నేనొస్తాను, శనివారాలు. కూర్చుని వేసే పద్ధతి ఉంది, నిలబడి వేసే పద్ధతి ఉంది. వాడికేది కుదురుతుందో చూద్దాం. కానీ ముందు వాణ్ణి అడుగు. వాడు చెస్ అనొచ్చు, పరుగే కావాలనొచ్చు.

నేను: సరే. మరి ఉత్తరాల సంగతి? ఒప్పుకున్నట్టేనా?

తమ్ముడు: సగం. ఉత్తరం వల్ల దీప్తికి ఏదో ఒరుగుతుందని నేనిప్పటికీ అనుకోను. రాసినవాళ్లకు ఒరుగుతుందేమో. అయితే ఆ సంగతి వాళ్లకు తెలియాలి. మేం ఇచ్చాం అనుకోకూడదు, తీసుకున్నాం అనుకోవాలి.

నేను: నేను అక్కడ ఒప్పుకోను. నీ పాలిటీ నోట్సులో ఉన్న కాగితం నీకు ఏమీ ఇవ్వలేదంటే నమ్మను.

వాడు నవ్వాడు, కానీ ఒప్పుకోలేదు. లిఫ్ట్ తలుపులు తెరుచుకున్నాయి. లోపలికి వెళ్లబోతూ వెనక్కి తిరిగి, ‘జవాబులు రాకపోయినా, ఆ మెట్ల దగ్గర పని మాత్రం ఆపొద్దని పిల్లలకు చెప్పు’ అన్నాడు.

ఆ వాక్యాన్ని నారాయణగూడ దాకా మనసులో మోసుకుంటూ నడిచాను. ‘రాకపోయినా’. పొద్దున వాడు ఎర్ర పెన్నుతో గీత గీసిన అప్యర్థకమే అది. కాకపోతే ఈసారి అది ఉత్తరం అందుకునేవాళ్ల ఒంటి మీద లేదు, రాసేవాళ్ల భుజం మీద ఉంది. సోమవారం క్లాసులో బోర్డు మీద మొదట ఆ వాక్యమే రాశాను. దిద్దలేదు.